ఎస్టేట్ టాక్స్ మనకు పడదు, మరి వీలునామా ఎందుకు? అమెరికాలో తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఏడాదికి రెండు మూడుసార్లయినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ సందేశం వస్తుంది. నలభై కూడా నిండనివాడు, గుండెపోటు, భార్య హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి మీద ఆధారపడిన వీసా) మీద ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు. కింద విరాళాల లింకు. యాభయ్యో వందో పంపి, అయ్యో అనుకుని ఫోన్ పక్కన పెడతాం. మన ఇంట్లో ఏ కాగితం ఎక్కడుందో మాత్రం చూసుకోం. పైన తథాస్తు దేవతలు ఉంటారని భయం.

నేనూ అంతే. లాయర్ని కాను, డాలస్ దగ్గర ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రెండేళ్ల కిందట ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా కంపెనీ బెనిఫిట్స్ ఎంచుకునే గడువు) అప్పుడు కంపెనీ లైఫ్ ఇన్సూరెన్స్ పేజీ తెరిచాను. ప్రైమరీ బెనిఫిషియరీ (మన తర్వాత మొదట డబ్బు అందుకునేవారు) అన్నచోట మా నాన్న పేరు, పక్కన 100 శాతం. పెళ్లి కాకముందు, ఉద్యోగంలో చేరిన రోజు నింపిన ఫారం అది. నాన్న పోయి అప్పటికే ఆరేళ్లు. మా ఆవిడ పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మిగతావన్నీ సరిచేసుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నదే ఇది.

ముందు పన్ను సంగతి తేల్చేద్దాం

2026లో చనిపోయినవారి ఆస్తి 1.5 కోట్ల డాలర్లు (15 మిలియన్లు) దాటితేనే ఫెడరల్ ఎస్టేట్ టాక్స్, అంటే పోయినవారి ఆస్తి మీద కేంద్ర ప్రభుత్వం వేసే పన్ను. 2025లో ఆ హద్దు 13.99 మిలియన్లు. ఇల్లు, 401కె (కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతా), షేర్లు, ఇన్సూరెన్స్, కూకట్‌పల్లి ఫ్లాటు అన్నీ కలిపినా మనలో చాలామంది అందులో సగానికి కూడా రారు. కాబట్టి పన్ను తప్పించుకునే ట్రస్టులంటూ (ఒకరి ఆస్తిని ఇంకొకరి కోసం మరొకరు చూసిపెట్టే ఏర్పాటే ట్రస్టు) హోటల్లో ఉచిత భోజనం పెట్టి అమ్మే సెమినార్లకు వెళ్లకపోయినా పోయేదేం లేదు.

అయితే ముగ్గురు మాత్రం ఆగి లెక్క చూసుకోవాలి.

మొదటివారు, సొంతంగా ఎస్టేట్ టాక్స్ వేసే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు. ఓరెగాన్‌లో హద్దు 10 లక్షల డాలర్లే. మసాచుసెట్స్‌లో 20 లక్షలు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 జూలై నుంచి సుమారు 30 లక్షలు. రెడ్‌మండ్‌లో ఇల్లు, పదేళ్ల షేర్లు, పైన రెండు మిలియన్ల టర్మ్ పాలసీ ఉంటే ఆ గీత దాటేసినట్టే. పాలసీ మీ పేరున ఉంటే ఆ డబ్బు కూడా మీ ఆస్తి లెక్కలోకే వస్తుంది, చాలామంది మరిచిపోయేది ఇదే. టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడాలకు ఈ బాధ లేదు. న్యూజెర్సీలో ఎస్టేట్ టాక్స్ 2018లోనే పోయింది కానీ, వారసత్వ పన్ను (ఎవరికి వెళ్తుందో చూసి వేసేది) ఉంది. భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు పడదు. తమ్ముడికో చెల్లెలికో రాస్తే మాత్రం 25,000 డాలర్లు దాటిన మొత్తం మీద పడుతుంది.

రెండోవారు, భార్యో భర్తో అమెరికా పౌరులు కాని దంపతులు. పౌరులైన జీవితభాగస్వామికి ఎంత వెళ్లినా పన్ను లేదు. పౌరులు కానివారికి ఆ వెసులుబాటు మామూలుగా దొరకదు. పోయినవారు ఇక్కడే స్థిరపడినవారైతే 15 మిలియన్ల హద్దు వర్తిస్తుంది కాబట్టి ఆచరణలో గండం గట్టెక్కుతుంది. బతికుండగా ఒకేసారి పెద్ద మొత్తం భార్య పేరున రాసేటప్పుడు మాత్రం ఏడాదికి 2026లో 1,94,000 డాలర్ల పరిమితి ఉంది. అది దాటితే గిఫ్ట్ టాక్స్ రిటర్న్ వేయాలి.

మూడోవారి సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇండియాకు తిరిగి వెళ్లిపోయి, అమెరికా షేర్లూ ఇల్లూ ఇక్కడే వదిలేసినవాళ్లు. పౌరసత్వం లేక, ఇక్కడి నివాసం కూడా వదులుకుంటే వాళ్లకు మినహాయింపు 15 మిలియన్లు కాదు, 60,000 డాలర్లు. అయిదు లక్షల డాలర్ల అమెరికన్ షేర్లు వదిలి పోతే దాదాపు 1,42,800 డాలర్ల పన్ను. ఇండియాకూ అమెరికాకూ ఈ పన్ను మీద ఒప్పందం లేదు. గచ్చిబౌలిలో కూర్చుని అమెరికా కంపెనీ ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు ఇచ్చే షేర్లు) పోగేసుకునేవారికీ, ఇక్కడికి ఎన్నడూ రాకపోయినా, ఇదే లెక్క. డాలస్‌లో పది రెట్లు ఉన్నవాడికి పడని పన్ను హైదరాబాద్‌లో ఉన్నవాడికి పడుతుంది. తిరుగు ప్రయాణం కట్టేవాళ్లు సామాన్ల షిప్పింగ్ కన్నా ముందు చూసుకోవాల్సింది ఇది.

ఈ మూడింటిలో మీరు లేరా? అయితే ఇక పన్ను మాట వదిలేయండి.

మొదటి అడుగు: ఏది ఏ దారిలో పోతుందో రాసుకోండి

ఒక శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో బెనిఫిషియరీ ఫారం ఉన్నవి: 401కె, ఐఆర్‌ఏ (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా), హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా), లైఫ్ ఇన్సూరెన్స్. రెండో గడిలో ఇద్దరి పేర్ల మీద, ఒకరు పోతే రెండోవారికే చెందేలా ఉన్నవి. మూడో గడిలో మీ ఒక్కరి పేరున ఉన్నవి.

వీలునామా పని చేసేది మూడో గడి మీద మాత్రమే. ఇది బుర్రకెక్కడానికి నాకు కొంత టైం పట్టింది. వీలునామాలో "నా సర్వస్వం నా భార్యకు" అని ఎంత గట్టిగా రాసినా, 401కె ఫారంలో వేరే పేరుంటే డబ్బు ఆ పేరుకే పోతుంది.

రెండో గడిలో ఒక చిక్కు. డీడ్ (ఇంటి దస్తావేజు) మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా అని టెక్సస్‌లో ధీమాగా ఉండకూడదు. ఒకరి తర్వాత ఒకరికి దానంతట అదే రావాలంటే భార్యాభర్తలు రాతపూర్వకంగా ఒప్పందం మీద సంతకం చేసి ఉండాలి. చాలా డీడ్లలో ఆ మాటే ఉండదు. మీ డీడ్ కౌంటీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, తీసి చదవండి.

రెండో అడుగు: బెనిఫిషియరీ ఫారాలు

అన్నిటికన్నా తక్కువ శ్రమకు ఎక్కువ ఫలితం ఇక్కడే. లాయరు అక్కర్లేదు, ఖర్చు లేదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో బోయింగ్ ఉద్యోగి ఒకాయన 1994లో విడాకులు తీసుకుని, రెండు నెలలకే కారు ప్రమాదంలో పోయాడు. కంపెనీ ఇన్సూరెన్స్, పెన్షన్ ఫారాల్లో మాజీ భార్య పేరు అలాగే ఉంది. విడాకులతో ఆ పేరు రద్దవుతుందని రాష్ట్ర చట్టం చెబుతోంది కదా అని మొదటి పెళ్లి పిల్లలు కోర్టుకెక్కారు. ఎగల్‌హాఫ్ కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2001లో తేలింది: ఉద్యోగ పథకాలకు ఫెడరల్ చట్టమే వర్తిస్తుంది, ఫారంలో ఏ పేరుంటే వారికే డబ్బు. పిల్లలు ఓడిపోయారు.

మన ఇళ్లలో విడాకుల కన్నా ఎక్కువగా కనిపించేది నాకు జరిగినలాంటిదే, బ్రహ్మచారిగా ఉన్నప్పుడు రాసిన అమ్మానాన్నల పేర్లు. 401కెలో పెళ్లయ్యాక భార్యకో భర్తకో చట్టమే రక్షణ ఇస్తుంది. వేరేవారి పేరు పెట్టాలంటే వాళ్ల సంతకం కావాలి. ఇన్సూరెన్స్‌కు ఆ రక్షణ లేదు. ఐఆర్‌ఏకూ లేదు. ఉద్యోగం మారి పాత 401కెని ఐఆర్‌ఏలోకి మార్చుకున్నప్పుడు పాత పేర్లు వెంట రావు, కొత్తగా నింపాలి. మన వాళ్లలో నాలుగైదు కంపెనీలు మారనివాడు ఎవడు?

రెండో వరసలో, అంటే కంటింజెంట్ అన్నచోట, చాలామంది పిల్లల పేర్లు నేరుగా రాస్తారు. ఎనిమిదేళ్ల పిల్లకు ఇన్సూరెన్స్ కంపెనీ చెక్కు ఇవ్వదు. కోర్టు ఒక సంరక్షకుణ్ణి నియమించి, ఏటా లెక్కలు చూసి, పద్దెనిమిది నిండగానే మొత్తం ఆ పిల్ల చేతిలో పెడుతుంది. పద్దెనిమిదేళ్లకు పది లక్షల డాలర్లు చేతికొస్తే మీరేం చేసేవారో ఒక్కసారి ఊహించుకోండి. అందుకే అక్కడ పిల్లల కోసం పెట్టిన ట్రస్టు పేరు రాయాలి. 529 ఖాతాలుంటే (పిల్లల చదువుకు పొదుపు చేసేవి) సక్సెసర్ ఓనర్, అంటే మీ తర్వాత ఖాతా ఎవరిదో రాసే గడి కూడా నింపండి.

బ్యాంకు, బ్రోకరేజి ఖాతాలకూ ఇలాంటి ఫారమే ఉంటుంది. బ్యాంకువాళ్లు పీఓడీ (పేయబుల్ ఆన్ డెత్) అంటారు, బ్రోకరేజిలో టీఓడీ (ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్). అడిగితేనే ఇస్తారు.

మూడో అడుగు: ఆ రాత్రి పిల్లలు ఎవరింట్లో పడుకుంటారు?

ఎస్టేట్ ప్లానింగ్ పుస్తకాలన్నీ ఆస్తితో మొదలవుతాయి. మన విషయంలో మొదలవ్వాల్సింది ఇక్కడ. ఇద్దరూ ఒకే కారులో వెళ్తారు. ప్రమాదం జరిగితే పోలీసు తలుపు కొట్టేసరికి ఇంట్లో ఉన్నది బేబీ సిట్టరో, మీ ఎనిమిదేళ్ల పిల్లాడో. అమ్మమ్మ విజయవాడలో ఉంది, వీసా లేదు. మేనమామ బెంగళూరులో. సాధికారంగా పిల్లల్ని తీసుకునే మనిషి దగ్గర్లో లేకపోతే కోర్టు తేల్చేదాకా ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లే ప్రమాదం ఉంది.

కాబట్టి ఇద్దర్ని అనుకోవాలి. ఒకరు గంటలో రాగలిగేవారు: అదే ఊళ్లో ఉన్న స్నేహితులు, పౌరులో గ్రీన్‌కార్డు వాళ్లో అయితే మేలు. రెండోవారు పెంచి పెద్దచేసేవారు. వాళ్లు ఇండియాలో ఉన్నా రాయొచ్చు. చివరి మాట కోర్టుదే, కానీ తల్లిదండ్రులు రాసిన పేరుకు ఉన్న బరువు ఇంకే కాగితానికీ ఉండదు. టెక్సస్‌లో దీనికి చట్టంలోనే ఒక నమూనా పత్రం ఉంది, మిగతాచోట్ల వీలునామాలో రాస్తారు.

మా ఇంట్లో అసలు గొడవ ఇక్కడే వచ్చింది. నాకు మా అన్నయ్య, ఆవిడకు వాళ్ల చెల్లెలు. మూడు వారాలు మాట్లాడుకోలేదన్నంత పనైంది. చివరికి పిల్లలకు తెలుగు ఎంత వచ్చు, ఇక్కడి బడి మానేసి అక్కడి హాస్టల్లో సర్దుకోగలరా అని చూసుకుని చెల్లెలి వైపు మొగ్గాం. డబ్బు చూసే బాధ్యత మాత్రం అన్నయ్యకు. పిల్లల్ని పెంచే మనిషి, డబ్బు పట్టుకునే మనిషి ఒక్కరే కానక్కర్లేదు. వేర్వేరుగా ఉంటే ఇద్దరికీ మాట పడదు.

పేరు రాసేముందు వాళ్లను అడగండి. ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని. పిల్లల పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు గడువు దాటకుండా చూసుకోండి. దగ్గర్లో ఉన్న ఆ స్నేహితుల పేరు స్కూల్ ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో పెట్టండి.

హెచ్1బీ మీద ఉన్నవారికి ఇంకొకటి. హెచ్4 హోదా నిలబడేది హెచ్1బీ మనిషి మీదే. ఆ మనిషి పోతే మిగిలినవారు దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమవుతుంది. ఇమ్మిగ్రేషన్ లాయరు నంబరు, ఐ140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) కాపీ ఫైల్లో ఉండాలి. అది కంపెనీ లాయర్ దగ్గరుందిలే అనుకోవద్దు.

నాలుగో అడుగు: వీలునామా చాలా, ట్రస్టు కావాలా?

దీనికి జవాబు మీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో ప్రొబేట్ (పోయినవారి ఆస్తిని కోర్టు ద్వారా పంచడం) ఫీజు చట్టంలోనే ఉంది: మొదటి లక్షకు 4 శాతం, తర్వాతి లక్షకు 3, ఆ పైన 8 లక్షలకు 2. పది లక్షల డాలర్ల ఆస్తి ప్రొబేట్‌కు వెళ్తే లాయరుకు 23,000, ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలు చేసే మనిషి) అడిగితే ఆయనకు మరో 23,000. మీకు ఏడు లక్షల లోను ఉన్నా సరే, లెక్క కట్టేది మొత్తం విలువ మీద. అక్కడ ఇల్లున్నవారు రివోకబుల్ లివింగ్ ట్రస్టు (బతికుండగానే పెట్టుకుని, ఎప్పుడైనా మార్చుకోగల ట్రస్టు) పెట్టుకోవడమే తెలివి. టెక్సస్‌లో కోర్టు జోక్యం తక్కువ. వీలునామాలో ఇండిపెండెంట్ ఎగ్జిక్యూటర్ అన్న మాట ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఇంటికి ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ (మన తర్వాత ఇల్లు ఎవరికో ముందే రాసే పత్రం) కూడా కౌంటీలో నమోదు చేసుకోవచ్చు. మేం ట్రస్టు పెట్టలేదు. పిల్లల కోసం వీలునామాలోనే ఒక ట్రస్టు రాయించి, 25కి సగం, 30కి సగం అన్నాం.

ట్రస్టు పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. ఇల్లలకగానే పండగ కాదు. తోలు బైండరు ఇంటికి తెచ్చి అల్మరాలో పెట్టాక, ఇంటి డీడ్‌నీ ఖాతాలనీ ట్రస్టు పేరుకు మార్చాలి. మార్చకపోతే అది ఖాళీ డబ్బా, ఇల్లు మళ్లీ ప్రొబేట్‌కే పోతుంది.

వీలునామాకు ఇద్దరు సాక్షులు, ఆస్తి రానివారై ఉండాలి. నోటరీ ముందు సెల్ఫ్ ప్రూవింగ్ అఫిడవిట్ (సంతకాలు నిజమేనన్న ప్రమాణపత్రం) కూడా చేయిస్తే తర్వాత సాక్షుల్ని వెతుక్కునే పని ఉండదు. చాలా కంపెనీల బెనిఫిట్స్‌లో లీగల్ ప్లాన్ ఉంటుంది. ఒక ఏడాదికి అందులో చేరి పని పూర్తిచేసుకోవచ్చు. మేం చేసింది అదే.

ఖర్చు తగ్గుతుందని ఇప్పుడే పిల్లల పేరు డీడ్‌లో ఎక్కించే పని మాత్రం చేయకండి. 2012లో రెండున్నర లక్షలకు కొన్న ఇల్లు ఇప్పుడు ఆరు లక్షలనుకోండి. మీ తర్వాత వారసత్వంగా వస్తే పిల్లలకు కొన్న ధర ఆరు లక్షలుగా లెక్క, వెంటనే అమ్మితే లాభమే లేదు, పన్నూ లేదు. బతికుండగా రాసిస్తే మీ పాత రెండున్నర లక్షలే వాళ్లకు అంటుకుంటుంది.

అయిదో అడుగు: మనిషి ఉండి మాట లేనప్పుడు

డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున డబ్బు వ్యవహారాలు చూసే అధికారం), మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ (వైద్య నిర్ణయాలు తీసుకునే అధికారం), హిపా అనుమతి పత్రం (వైద్య వివరాలు చెప్పడానికి అనుమతి), వెంటిలేటర్ గురించి మీ అభీష్టం చెప్పే డైరెక్టివ్. ఈ నాలుగూ వీలునామాతో పాటే చేయించండి. కాలేజీకి వెళ్లిన పిల్లకు పద్దెనిమిది నిండిందంటే ఆస్పత్రివాళ్లు అమ్మానాన్నలకు వివరాలు చెప్పకపోవచ్చు. డార్మ్ సామాన్లతో పాటు ఆ సంతకాలూ పెట్టించండి.

ఆరో అడుగు: ఇండియా ఆస్తి

ఇండియాలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. అక్కడా పన్ను లేదు, తంటా అంతా కాగితాలదే.

అక్కడి ఆస్తికి వేరే వీలునామా రాయండి. ఇక్కడొక ఉచ్చు ఉంది. అమెరికా వీలునామా నమూనాల్లో మొదటి వాక్యమే "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను" అని. నిరుడు హైదరాబాద్‌లో రిజిస్టర్ చేయించిన వీలునామా ఆ ఒక్క వాక్యంతో గల్లంతు. ఇది అమెరికా ఆస్తికి మాత్రమే వర్తిస్తుంది, ఇండియా వీలునామాను తాకదు అని రెండిటిలోనూ రాయించాలి. మా లాయరు ఈ మాట తానుగా అడగలేదు, మేమే చెప్పాం.

ఇండియా వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా సెలవులకు వెళ్లినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించడమే మంచిది. రేపు దాయాదులు వేలెత్తి చూపే అవకాశం తగ్గుతుంది.

వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం పంచుతుంది. మగవాడు పోతే భార్యకు, ప్రతి బిడ్డకు, తల్లికి సమాన వాటాలు. తల్లికి వాటా ఉందని తెలియక ఫ్లాటు అమ్మకం దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు. ఆడవాళ్ల విషయం ఇంకా విడ్డూరం. సొంత జీతంతో ఫ్లాటు కొన్న ఆమె భర్తా పిల్లలూ లేకుండా పోతే, 15వ సెక్షన్ ప్రకారం ఆ ఫ్లాటు ముందు అత్తింటి వారసులకు. కన్న తల్లిదండ్రులు వాళ్ల తర్వాతే. ఇండియాలో సొంత ఆస్తి ఉన్న ప్రతి ఆడపిల్లా వీలునామా రాసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

నామినీ పేరు పెట్టాం కదా అంటారు. ఇక్కడి బెనిఫిషియరీ సొంతదారు, అక్కడి నామినీ కాపలాదారు. డబ్బు తీసుకుని అసలు వారసులకు అప్పగించడమే అతని పని. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగే నాన్నకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చాం కదా అని నిశ్చింతగా ఉంటారు. ఇచ్చినవాడు పోయిన క్షణమే జీపీఏ చెల్లదు.

మనకు ఇండియా నుంచి వచ్చేదానికీ రెండు మాటలు. ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి కొనకూడదు గానీ వారసత్వంగా పొందొచ్చు. అమ్మినాక ఆ సొమ్ము ఎన్ఆర్ఓ ఖాతా (ఇండియా ఆదాయం కోసం ఎన్ఆర్ఐలకుండే రూపాయల ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు. అమెరికాలో ఆ వారసత్వం మీద పన్ను లేదు. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే మాత్రం ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) 3520 ఫారం వేయాలి. మరిచిపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. పన్ను లేని డబ్బు మీద పావు వంతు జరిమానా కట్టడం కన్నా ఒళ్లు మండే విషయం ఉండదు.

ఏడో అడుగు: ఫైలు

మా ఇంట్లో పాస్‌పోర్టులు సూట్‌కేసులో, కలరా ఉండల వాసన వేసే పట్టుచీరల కింద ఉండేవి. ఇప్పుడు అన్నీ ఒక ఎర్ర ఫైల్లోకి వచ్చాయి. మొదటి పేజీలో ఖాతాల జాబితా, ఏజెంట్, లాయరు, అకౌంటెంట్ ఫోన్లు, ఒరిజినల్ వీలునామా ఎక్కడుందో. అది బ్యాంకు లాకర్లో కాదు, ఇంట్లోనే నిప్పుకు ఆగే పెట్టెలో ఉంది. లాకరు మీ ఒక్కరి పేరునే ఉంటే దాన్ని తెరవడానికే కోర్టు కాగితం అడగొచ్చు. రెండో పేజీలో ఇండియావి: దస్తావేజు నంబర్లు, పట్టాదారు పాసుపుస్తకం ఎవరి దగ్గరుందో, పాన్ నంబరు.

డెత్ సర్టిఫికెట్ కాపీలు పది పన్నెండు తీసుకోమని మూడో పేజీలో రాసి ఉంది. వాటిలో రెండింటికి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించాలి. అది లేకుండా ఇండియాలో బ్యాంకూ తహసీల్దారు ఆఫీసూ ఒప్పుకోకపోవచ్చు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు.

ఆ పేజీలో చివరన, మా ఆవిడ ఎర్ర ఇంకుతో తానే చేర్చిన వాక్యం ఒకటుంది: నీ ఫోన్ నంబరు, ఇండియా సిమ్ రెండూ ఏడాది దాకా రద్దు చేయను, ఓటీపీలన్నీ వాటికే వస్తాయి. పక్కనే ఫోన్ పాస్‌కోడ్‌కు ఆరు గడులు గీసి పెట్టింది. అవి నేను నింపేదాకా ఫైలు మూయనివ్వలేదు.